పిన్నులు రెండు రకాలు

రోజూలాగే ఆ పొద్దున కూడా దువ్వెన, కొబ్బరినూనె గిన్నె, రెండు ఎర్ర రిబ్బన్లు ముందు పెట్టుకుని వీధి గుమ్మంలో కూర్చున్నాను. పిల్ల రాలేదు. పిలిచాను, మళ్ళీ పిలిచాను. లోపల అద్దం ముందు నిలబడి, జుట్టంతా ఒక్క గుప్పిట్లో పట్టుకుని రబ్బరు బ్యాండు తగిలించుకుంటోంది. బ్యాండు తెగింది. ఇంకోటి తీసింది.

"రెండు జడలు లేకపోతే మీ టీచరు ఊరుకోదు, రా" అన్నాను.

"నాకు జడ వద్దు. నువ్వు ముట్టుకోకు" అంది.

ఎనిమిదేళ్ళ పిల్ల అలా అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు రాలేదు. కన్నతల్లయితే రెక్క పట్టుకుని లాక్కొచ్చి, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నెత్తిన ఒక మొట్టికాయ వేసి మరీ జడేసేది. ఆ మొట్టికాయ వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. నేను వేస్తే అది మొట్టికాయలా ఉండదు, వీధి చివరికి వెళ్ళేసరికి వాతలు పెట్టానన్న కబురైపోతుంది. నేను ఆ పిల్ల తండ్రికి రెండో భార్యని.

మాది చీపురుపల్లి. మా ఆయనకి బజార్లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మొదటి భార్య పచ్చకామెర్లతో పోయేనాటికి ఈ పిల్లకి రెండేళ్ళు నిండాయంతే. నేను అప్పుడు కొత్తవలసలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పుకుంటున్నాను. ఇంక నా పెళ్ళి మాట ఎత్తకండి అని ఇంట్లో తెగేసి చెప్పిన వయసులో ఈ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఈ పిల్ల నాయనమ్మ చంకనెక్కి నన్నే చూస్తూ కూర్చుంది. నేనూ దాన్నే చూశాను. ఆయన ఏం రంగు చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పలేను. కాపరానికి వచ్చిన రోజు మా అత్తగారు పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసి, "ఇదిగో, మీ పిన్ని వచ్చింది" అంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో నా పేరు పిన్ని.

మన భాషలో అదో సౌకర్యం. తల్లి చెల్లెలూ పిన్నే, బాబాయి భార్యా పిన్నే, తండ్రి రెండో పెళ్ళి చేసుకుంటే ఇంటికొచ్చినావిడా పిన్నే. ముగ్గుర్నీ ఒకే పిలుపు కింద సర్దేశారు పెద్దవాళ్ళు. సవతి తల్లి అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ మాట కథల్లో వాళ్ళకీ, పొరుగువాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడానికీ పనికొచ్చేదని నేనూ అనుకునేదాన్ని.

ముందురోజు బళ్ళో సినిమా వేశారు. పరీక్షలయ్యాయని పిల్లలందర్నీ హాల్లో పట్టాల మీద కూర్చోబెట్టి, గోడ మీద ప్రొజెక్టరుతో చూపించారు. మామూలుగా అయితే మా పిల్ల సినిమా చూసొస్తే అన్నం తిన్నంతసేపూ అదే కథ చెప్తుంది, మధ్యలో పాటలు కూడా పాడుతుంది. ఆ సాయంత్రం మాత్రం ముద్ద చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. పిల్ల జుట్టు ఒక పక్కకి వాలిపోతుంటే అలాగే బడికి వెళ్ళిపోయాక, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ సినిమా ఏదో వెతికి పట్టుకుని, మధ్యాహ్నం ఒక్కదాన్నే ఫోనులో చూశాను. పక్కన అత్తగారు గురక పెడుతోంది.

ఎక్కడి దేశానిదో బొమ్మల సినిమా, తెలుగు మాటలు పెట్టారు. ఒక రాజకుమారి. సినిమా మొదలై మనం సరిగా సర్దుకుని కూర్చునేలోపే వాళ్ళమ్మ చచ్చిపోతుంది. ఈ సినిమాలన్నిట్లోనూ ఇదే తంతు. తల్లి బతికుంటే కథ నడవదు మరి. అడవిలోకి ఒక్కత్తివీ ఎక్కడికే అంటుంది, మబ్బెక్కితే దిగమంటుంది, రెక్కల గుర్రంతో మాట్లాడుతుంటే ముందు పాలు తాగిపొమ్మంటుంది. అందుకని సినిమావాళ్ళు ముందు తల్లి సంగతి చూసేసి, తర్వాత తీరిగ్గా పాటలు మొదలుపెడతారు. తల్లి పోయాక రాజు ఇంకో ఆవిణ్ణి తెచ్చుకుంటాడు. ఆవిడ పొడుగ్గా, సన్నటి కనుబొమలతో, గొంతులో తేనె పోసుకుని మాట్లాడుతుంది. రోజూ రాజకుమారిని ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది. ఆవిడ జడ అల్లినప్పుడల్లా ఆ పిల్లకి తల్లి జ్ఞాపకం ఒకటి పోతుంది. ఒకరోజు గొంతు పోతుంది, ఒకరోజు నవ్వు పోతుంది. పోయినవన్నీ రాణి జుట్టులోకి చేరి మెరుస్తుంటాయి, ఆవిడ పడుచుదైపోతూ ఉంటుంది. చివరికి ఒక ఉడత వచ్చి రాజకుమారి చెవిలో, "ఆమె నీ సవతి తల్లి! జుట్టు ఇవ్వకు!" అని చెప్తుంది. ఆ పిల్ల జుట్టు విరబోసుకుని గాల్లోకి లేస్తుంది, జ్ఞాపకాలన్నీ సీతాకోకచిలకల్లా తిరిగొస్తాయి, రాణి అక్కడికక్కడే ముసలిదై, బూడిదైపోతుంది. బోలెడంత సంగీతం.

ఫోను పక్కన పెట్టి చేతులు చూసుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. పడుచుదాన్ని అవుతున్నానా నేను? నా తల సగం నెరిసింది ఈ ఇంట్లోనే. ఆ కథ రాసిన మహానుభావుడెవరో గానీ, వాడి జన్మలో ఒక పిల్లకి పేలు దువ్వి, చిక్కు తీసి, ఏడవకుండా జడ వేసిన పాపాన పోయుండడు.

ఆ వారంలోనే బళ్ళో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. సినిమా మీద ఫిర్యాదులు వచ్చాయి. ఒకాయన కొడుకు భుజాలకి తువ్వాలు కట్టుకుని ప్రహరీ గోడ మీంచి దూకాడట, కింద ఇసక ఉంది కాబట్టి సరిపోయింది. ఒకావిడ కూతురు ఎక్కాలు చదవమంటే మంత్రదండం కొనిపెట్టమంటోందట. ఇంకొకావిడ, రాకుమార్తెలందరూ పాలలా తెల్లగా ఉంటారు, మా అమ్మాయి రోజంతా పౌడరు రాసుకుంటోంది అని బాధపడింది. ఆవిడ మాటలో న్యాయం ఉందనిపించింది. ఒక తాతగారు లేచి, మా కాలంలో కథలు నీతి చెప్పేవి, ఇప్పటివి కోతిచేష్టలు నేర్పుతున్నాయి అన్నారు. మాయలూ మంత్రాలూ ఊహాశక్తిని పెంచుతాయని హెడ్‌మిస్ట్రెస్ సర్ది చెప్పింది. టీ ఇచ్చారు.

అన్నీ మాట్లాడారు గానీ ఆ రాణి సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తరు. ఆ హాల్లో కూర్చున్న తల్లులందరూ తల్లులే. గోడ మీంచి దూకిన పిల్లవాడి తరఫున తండ్రి ఉన్నాడు, పౌడరు పిల్ల తరఫున తల్లి ఉంది. బూడిదైపోయిన ఆవిడ తరఫున వచ్చానండీ అని నేనెలా లేచి నిలబడను? నోటిదాకా వచ్చిన మాట టీతోపాటు మింగేసి ఇంటికి నడిచొచ్చాను. దారిలో ఇద్దరు ముగ్గురు తల్లులు కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటుకుని వెళ్ళారు. ఎవరూ నన్ను కలుపుకోలేదు, నేనూ కలవలేదు.

కథల్లో సవతి తల్లులు కొత్తేం కాదు. మా నాయనమ్మ చెప్పిన కథల్లోనూ ఉండేవాళ్ళు, ఈ రాణి కంటే పదాకులు ఎక్కువే చదివినవాళ్ళు. కానీ నాయనమ్మ మొహం మా కళ్ళెదురుగా ఉండేది. భయమేస్తే ఆపమనేవాళ్ళం. "మరి ఎదురింటావిడ కూడా అంతేనా?" అని అడిగేవాళ్ళం, ఎదురింటావిడ కూడా సవతి తల్లే గనక. "ఛీ, ఆవిడ మంచిది, మీకు పనస తొనలు పెట్టలేదూ" అనేది. కథ అక్కడితో కథలోనే ఉండిపోయేది. సినిమాని ఎవర్ని అడుగుతుంది పిల్ల? హాల్లో చీకటి చేసి, పెద్ద శబ్దం పెట్టి, ఆవిడ బూడిదైతే అందరూ చప్పట్లు కొట్టి ఇంటికి పంపేశారు. ఇంట్లో గుమ్మంలో నేను దువ్వెన పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత రోజులన్నీ ఒకలాగే గడిచాయి. పొద్దున్నే పిల్ల తనే జుట్టు కట్టుకునేది. నూనె లేదు, పాపిడి లేదు. వెనక చిక్కు పడి గూడు కట్టేసింది. అత్తగారు వేస్తానంటే ఆవిడ భుజం పైకి లేవదు, రెండు పాయలు తిప్పేసరికి నొప్పని వదిలేసేది. బళ్ళో రెండు జడలూ, రిబ్బన్లూ ఉండాలని రూలు. రోజూ బయట నిలబెడుతున్నారని పక్క వీధి పిల్లలు చెప్పారు. అయినా వంగలేదు.

ఇంక ఊరు ఊరుకుంటుందా? కొళాయి దగ్గర ఒకావిడ నాకు వినబడేలా, "తల్లి ఉంటే ఆ జుట్టు అలాగుంటాదేటి?" అంది. ఇంకొకావిడ, "తల్లి సస్తే తండ్రి పినతండ్రని ఊరికే అన్నారా" అని నిట్టూర్చింది. మా కొట్లో టీ గ్లాసు మీద పెట్టే మూత నుంచి పెళ్ళి గుండిగ మీద పెట్టే మూత దాకా అన్ని సైజులూ ఉన్నాయి, ఊరి నోటికి సరిపడేది మాత్రం లేదు. జడ వేస్తే సినిమాలో సవతి తల్లిని, వెయ్యకపోతే వీధిలో సవతి తల్లిని. ఆలోచిస్తే నవ్వొచ్చేది, నవ్వాక ఏడుపొచ్చేది.

ఊరిదేముంది. నాకు అసలు దెబ్బ వేరే తగిలింది. పిల్ల నన్ను పిన్నీ అనడం మానేసింది. కోపంగా ఉందా అంటే లేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది. "అన్నం" అనేది. "నీళ్ళు" అనేది. "ఫీజు కట్టాలంట" అని గోడకి చెప్పినట్టు చెప్పేది. ఆ మాటల వెనకా ముందూ పిలుపు ఉండేది కాదు. మా ఆయన నన్ను ఎలాగూ పేరు పెట్టి పిలవరు, "ఇదిగో" అంటారు. అత్తగారు "ఒసే" అంటుంది. నా పుట్టింట్లో నన్ను ముద్దుపేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఈ లోకంలో నాకంటూ మిగిలిన పిలుపు అదొక్కటే. అది పోయాక, నిండు ఇంట్లో పొద్దుగూకేదాకా పనిచేస్తూ కూడా, నేను ఎవరికీ ఏమీ కానని అనిపించేది. సాయంత్రాలు పెరట్లో బట్టలు తీస్తూ, పిన్నీ అని నా గొంతుతోనే మెల్లిగా అనుకుని చూసేదాన్ని.

ఒకరోజు మా ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కథంతా చెప్పాను. ఆయన చారు కలుపుకుంటూ విన్నారు. "పిల్లతో ఓసారి కూచోండి. వాళ్ళమ్మ గురించి చెప్పండి. అదెక్కడ మర్చిపోతానో అని హడిలిపోతోంది" అన్నాను.

"ఇప్పుడెందుకవన్నీ? నువ్వుండగా ఆ మాటలేటి బాగుంటాయి?" అన్నారాయన.

అత్తగారు వంటగదిలోంచే, "ఓలమ్మ, సినిమాకేటి తెలుసే. సినిమా అన్నం ఎడతాదా, నీళ్ళు పోస్తాదా? నాల్రోజులు పోతే అదే మరిసిపోతాది" అంది.

మర్చిపోతానన్న భయంతోనే కదా పిల్ల నలిగిపోతోంది. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. నేను నొచ్చుకుంటానని, నేను కాపరానికి రాకముందే పిల్ల తల్లి చీరలూ గాజులూ ఆవిడ పుట్టింటికి పంపేశారు. ఆవిడ వాళ్ళది భావనపాడు దగ్గర ఊరు. ఆవిడ తల్లి పోయాక ఆ రాకపోకలూ తగ్గిపోయాయి. దేవుడి గదిలో బొట్టు పెట్టిన ఫొటో ఒక్కటే మిగిలింది. ఆ ఫొటో గురించి కూడా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అంతా నా మీద మర్యాదే. నేను చెయ్యి వెయ్యకుండానే నాకోసం ఇంటిల్లిపాదీ కలిసి ఆ పిల్ల దగ్గర్నుంచి తల్లిని కొద్దికొద్దిగా తీసేశారు. దాని భయానికి ఒక రూపం చూపించింది మాత్రం ఆ దిక్కుమాలిన సినిమాయే. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కష్టమైంది. ఒప్పుకున్నాక కూడా ఆ సినిమా అంటే నాకు కోపం తగ్గలేదు. ఇంట్లో తల్లి మాట ఎత్తేవాళ్ళు లేని పిల్ల ఆ పట్టాల మీద ఒక్కత్తయినా ఉంటుందని సినిమా చూపించేవాళ్ళు తలుచుకోవద్దూ?

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్తగారు పేరంటానికి వెళ్ళింది. ఆయన కొట్లో ఉన్నారు. నేను వెనక వరండాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. పిల్ల వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. టీవీ లేక వచ్చిందనుకున్నాను.

"ఒకటడుగుతాను. నిజం సెప్తావా?" అంది.

"సెప్తాను."

"నువ్వు మా అమ్మకి సొంత సెల్లివి కావంట కదా?"

నాకు అర్థం కాలేదు. చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. "ఎవురు సెప్పేరు?"

"మా క్లాసోళ్ళు. సినిమా అయిపోయాక సెప్పేరు. పిన్నులు రెండు రకాలంట. అమ్మ సెల్లెలు ఒక పిన్నంట. నాన్న మళ్ళీ పెళ్ళి సేసుకుంటే వచ్చీది ఇంకో పిన్నంట. దాన్నే సవతి తల్లంటారంట. నువ్వు ఆ రెండోదానివంట."

"మరి నువ్వేటనుకున్నావు ఇన్నాళ్ళూ?"

"టీచరు సెప్పింది కదా, అమ్మ సెల్లెలు పిన్ని అవుతాదని. నువ్వు అదేననుకున్నాను." గుమ్మం చెక్కని గోటితో గీకింది. "అమ్మా నువ్వూ సిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకునీవోరనుకున్నాను. అమ్మకి పొట్టైపోయిన గౌన్లు నువ్వు తొడుక్కునీదానివనుకున్నాను. నీ ముక్కు మా అమ్మ ముక్కులాగే ఉంటాదని మా ఫ్రెండుకి సెప్పీసేను కూడాను."

నేను నా ముక్కు తుడుచుకున్నాను. ఇన్ని రోజులూ నేను ఏదో మంత్రగత్తెనని భయపడుతోందనుకున్నాను, నా మీద నమ్మకం పోయిందని కుమిలిపోయాను. దానికి పోయింది నేను కాదు. వాళ్ళమ్మతో పాటు పుట్టి, వాళ్ళమ్మతో పాటు పెరిగి, వాళ్ళమ్మ ముక్కే పెట్టుకుని తనకోసం ఈ ఇంటికొచ్చిన ఒక మనిషి పోయింది. అలాంటి పిన్ని నిజంగా ఉంటే ఎంత బాగుండునో. ఆ పిన్ని కోసం నాకూ దుఃఖం వచ్చింది.

"కాదు. మీ అమ్మని నేనెప్పుడూ సూళ్ళేదు" అన్నాను.

"మరైతే మా అమ్మ నీకేటవుతాది?"

ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. జవాబు మాత్రం మా వాళ్ళలో ఎప్పుడో పెట్టేసి ఉంచారు. "అక్క అవుతాది. ముందొచ్చినావిడ అక్క, ఎనకొచ్చినావిడ సెల్లి. ఫొటోకి బొట్టెట్టేటప్పుడు అక్కా అనే దణ్ణం ఎట్టుకుంటాను నేను."

"సూడకుండానే అక్కా?"

"సూడకుండానే."

అది వచ్చి నా ఎదురుగా, చింతపండు చేటకి అవతల కూర్చుంది. కాసేపు గింజలు ఏరింది. "అయితే అమ్మ గురించి నీకేటీ తెలీదా?" అంది.

"ఏటీ తెలీదు. ఎలా నవ్వీదో తెలీదు. ఏటిష్టమో తెలీదు. నాకెవురూ సెప్పలేదు, నేను బాధపడతానని."

"బాధపడతావా?"

"పడను. నాకు ఇనాలనుంటాది. అడగడానికి నాకే మొకమాటం."

పిల్ల నావైపు జాలిగా చూసింది. "పాపం" అంది. ఆ ఇంట్లో నన్ను చూసి పాపం అన్న మొదటి మనిషి అదే. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "నాకొకటే గుర్తుంది. ఎవురికీ సెప్పలేదు. సెప్తే అయిపోతాదేమోనని. నీకు సెప్పనా?" అంది.

చెప్పమన్నాను.

"రైల్లో ఎల్తన్నాం. నాకు జొరం, ఒళ్ళంతా కాలిపోతన్నాది. అమ్మ ఒళ్ళో పడుకున్నాను. వర్షం వస్తన్నాది. అందరూ కిటికీ మూసీమని అరుస్తన్నారు, అమ్మ మూయనీలేదు. సువ్వల్లోంచి సెయ్యి బయటికెట్టి, వర్షంలో తడిపి, నా మొకం మీద ఎట్టీది. మళ్ళీ బయటికెట్టీది, మళ్ళీ నా మొకం మీద ఎట్టీది. సల్లగా ఉండీది. గాజులు నా సెవి దగ్గిర సప్పుడయ్యీవి."

ఆ చెయ్యి నాది. ఈ ఇంటికొచ్చిన తొలి వానాకాలం అది. ఆయన సరుకు కోసం ఊరెళ్ళారు, పిల్లకి జ్వరం తగ్గడం లేదు, అత్తగారు దేవుళ్ళకి మొక్కుకుంటూ ఏడుస్తోంది. నేనే పిల్లని ఎత్తుకుని విశాఖపట్నం పెద్దాసుపత్రికని రైలెక్కేశాను. సీసాలో నీళ్ళు అయిపోయాయి. కొత్తవలసలో బండి ఆగింది. మా పుట్టింటి ఊళ్ళో ఆగిన బండిలోంచి దిగాలని కూడా తోచలేదు నాకు, నా ధ్యాసంతా ఈ పిల్ల మీదే. ఆ తర్వాతే వాన అందుకుంది. కిటికీ దగ్గర ఒకాయన నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆసుపత్రిలో డాక్టరు, "తల్లి మీరేనా?" అని అడిగితే అవునన్నాను. నా అంతట నేను ఆ మాట అన్నది ఆ ఒక్కసారే. ఈ ఇంట్లో నాకు మనసు కష్టమైనప్పుడల్లా ఆ వానని తలుచుకునే నిలదొక్కుకున్నాను.

అది నేనేనే పిచ్చిపిల్లా, అనడానికి నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. అత్తగారు సాక్ష్యం ఉంది, ఊర్నుంచొచ్చాక ఆయనా విన్నారు. పిల్ల నా మెడ చుట్టేసుకునేదేమో. కానీ దాని దగ్గర తల్లి అంటూ మిగిలింది ఆ ఒక్క వానే. అది కూడా నాదే అని లాక్కుంటే, ఇంక ఆ సినిమాలో రాణికీ నాకూ తేడా ఏముంది? తెరిచిన నోరు మూసుకున్నాను. అంత ఒంటరితనం నాకు అంతకుముందెప్పుడూ తెలీదు. నేను బతికుండి, ఎదురుగా కూర్చుని, నేను చేసిన పని చచ్చిపోయినావిడ పేరు మీద రాసిచ్చేస్తున్నాను.

"అక్క మంచిదే" అన్నాను చివరికి.

"మంచిది" అంది పిల్ల. ఇంకో గింజ తీసి పక్కన పడేసి, "పిన్నీ, నువ్వు జడేస్తే ఇది పోదు కదా?" అని అడిగింది.

"పోదు. నువ్వు మరిసిపోయినా నేను మరిసిపోను."

"నీకెలా గుర్తుంటాది? నువ్వు సూళ్ళేదు కదా."

"నువ్విప్పుడు సెప్పేవు కదా" అన్నాను.

అది సరే అన్నట్టు తలూపింది. లేచి చేట పక్కకి జరిపి, నాకు వీపు పెట్టి కూర్చుని, రబ్బరు బ్యాండు లాగేసింది. మొహం అటు తిప్పి కూర్చుంది కాబట్టి సరిపోయింది, నేను ఏడవడం దానికి కనపడలేదు.